మంచు మీద స్వారీ, మంచు కరిగేలోగా

స్నోమొబైల్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది లాంగ్ వీకెండ్ ట్రిప్పు, హెల్మెట్ పెట్టుకుని దిగిన ఫొటో. కానీ దాని చరిత్ర తిరగేస్తే అందులో ఓ అవిటి కాలు, ఓ పసివాడి చావు, ఓ రోడ్ల చట్టం కనిపిస్తాయి.

విస్కాన్సిన్ ఉత్తరాన సేనర్ అనే పల్లెలో కార్ల్ ఎలియాసన్ అని ఒకాయన కొట్టు నడిపేవాడు. కాలు సరిగ్గా లేక, మంచులో వేటకెళ్ళే స్నేహితులతో సమానంగా నడవలేకపోయేవాడు. 1924లో కొట్టు వెనక గ్యారేజీలో కూర్చుని, పడవకి తగిలించే రెండున్నర హార్స్‌పవర్ మోటారు, సైకిలు విడిభాగాలు, ఫోర్డ్ మోడల్-టి రేడియేటరు ముక్క, రెండు స్కీలు కలిపి ఓ బండి కట్టాడు. తాళ్ళు లాగితే స్కీలు తిరిగేవి. 1927లో పేటెంటు కూడా వచ్చింది. ఫ్రెండ్స్ వెనక పడిపోకూడదని ఇంత పని చేశాడు మహానుభావుడు!

అసలు కథ మాత్రం కెనడాలోది. క్యుబెక్ రాష్ట్రం, వాల్‌కోర్ట్ అనే ఊరు. 1922 డిసెంబరు 31న, పదిహేనేళ్ళ జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియే, తమ్ముణ్ణి వెంటేసుకుని, పాత ఫోర్డ్ ఇంజనుకి వెనకాల చెక్క ప్రొపెల్లరు బిగించి మంచు మీద ఊరేగాడు. వాళ్ళ నాన్న హడలిపోయి వెంటనే విప్పించేశాడు. కుర్రాడు ఊరుకుంటేనా. తర్వాత సొంత గ్యారేజీ పెట్టుకుని, ఏళ్ళ తరబడి చలికాలాలన్నీ మంచు బండి ప్రయోగాల్లోనే గడిపాడు.

1934 చలికాలంలో ఆయన రెండేళ్ళ కొడుకు ఇవాన్‌కి పెరిటోనైటిస్ వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. ఆయన తయారుచేస్తున్న బండి గ్యారేజీలోనే ఉంది, కానీ నడిచే స్థితిలో లేదు. పిల్లాడు దక్కలేదు.

కొడుకు పోయాడు కాబట్టి బండి కనిపెట్టాడు అని చాలామంది రాస్తుంటారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. అప్పటికే పన్నెండేళ్ళుగా దాని మీద కుస్తీ పడుతున్నాడాయన. సగం అయిన పని కళ్ళ ముందుండగా దాని అవసరం తన ఇంటికే వచ్చింది, అదీ ఘోరం. మనం ఆఫీసులో రోజుకి పదిసార్లు డెడ్‌లైన్ డెడ్‌లైన్ అంటూ ఉంటామే, ఇది చదివాక ఆ మాట కొన్నాళ్ళు నోటికి రాలేదు.

మెత్తటి మంచులో బండి కూరుకుపోకుండా లాగడమే ఇందులో చిక్కు. ఆయన రబ్బరు తొడిగిన పళ్ళచక్రం, దాని మీద తిరిగే పట్టాతో దాన్ని విప్పాడు. 1937లో పేటెంటు. ఏడుగురు కూర్చునే బి-7, తర్వాత పన్నెండు మందికి సరిపోయే బి-12. బస్సులా మూసి ఉండే బళ్ళివి. డాక్టర్లు, టపా, బడి పిల్లలు అందరూ వాటిల్లోనే. వ్యాపారం బ్రహ్మాండంగా ఉంది అనుకుంటుండగా 1948లో క్యుబెక్ ప్రభుత్వం రోడ్ల మీద మంచు తీసెయ్యాల్సిందేనని చట్టం చేసింది. జనానికి ఎంతో మేలు. ఈయన అమ్మకాలు మాత్రం ఒక్క ఏడాదిలో దాదాపు సగానికి పడిపోయాయి. ప్రోడక్టులో బగ్గేమీ లేదండీ, రిక్వైర్‌మెంటే ఎగిరిపోయింది.

ఆ దెబ్బతో బురదలో నడిచే ట్రాక్టర్లు అవీ చేశాడు. ఈలోగా చిన్న తేలికపాటి ఇంజన్లు వచ్చాయి, కొడుకు జెర్మెయిన్ అతుకు లేని రబ్బరు పట్టా తయారుచేశాడు. 1959లో స్కీ-డూ వచ్చింది. మొదట అనుకున్న పేరు స్కీ-డాగ్, అంటే కుక్కల బండికి బదులన్నమాట. ఉత్తరాన అడవుల్లో తిరిగే మిషనరీలకి, వేటగాళ్ళకి పనికొస్తుందని ఆయన ఉద్దేశం. జనం ఆడుకోవడానికి కొన్నారు. మొదటి ఏడాది 225, నాలుగేళ్ళకి 8,210. ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. అంతలా అమ్ముడుపోతుంటే ఆయన ప్రచారం తగ్గించాడు! ఒక్క సరుకు మీదే కంపెనీ బతికితే ఏమవుతుందో 1948లోనే చూశాడు కదా. 1964లో, 56 ఏళ్ళకే పోయాడు. తర్వాత ఆయిల్ సంక్షోభంలో ఈ బళ్ళ గిరాకీ పడిపోయినప్పుడు కంపెనీ 1974లో మాంట్రియల్ మెట్రో పెట్టెల ఆర్డరు పట్టింది. ఆ దారిలోనే ఢిల్లీ మెట్రో దాకా వచ్చిందన్నమాట.

ఇదంతా తవ్వడానికి కారణం ఓ మార్చిలో నలుగురం ఫ్రెండ్స్‌మి షికాగో నుంచి ఆరు గంటలు డ్రైవ్ చేసి సేనర్ వైపు వెళ్ళడం. సీజన్ చివర కాబట్టి రెంటు చవక. పొద్దున కలకండలా గట్టిగా ఉన్న మంచు మధ్యాహ్నానికి ఐస్‌గోలా అయిపోయింది. చెట్ల నీడలో తెల్లగా, ఎండ తగిలే చోట గోధుమరంగు గడ్డి. ఈ బళ్ళలో చాలావాటికి ఇంజను చల్లబడేది పట్టా ఎగరేసే మంచుతోనే. పట్టా లోపల ఉండే ప్లాస్టిక్ పట్టీలకి కందెన కూడా మంచే. మంచు లేని చోట కాసేపు నడిపితే టెంపరేచర్ లైటు వెలుగుతుంది. పక్కన గుంటలో మిగిలిన మంచులోకి దింపి, ఆరేదాకా ఆగి, మళ్ళీ బయల్దేరడం. నాలుగు మైళ్ళకి గంట పట్టింది. ఒక వంతెన దగ్గర స్థానిక క్లబ్బు ముసలాళ్ళు ఇద్దరు చెట్ల కింది నుంచి పారలతో మంచు ఎత్తి వంతెన చెక్కల మీద పోస్తున్నారు, బళ్ళు దాటడానికి. క్యుబెక్‌లో పార పట్టింది మంచు తీసెయ్యడానికి, వీళ్ళు పట్టింది తెచ్చి పరవడానికి.

2023-24 చలికాలం విస్కాన్సిన్, మిన్నెసోటా, మిషిగన్ మూడింటిలోనూ రికార్డులున్నంత వరకూ అన్నిటికన్నా వెచ్చనిది. ఈ ట్రైల్సు చాలావరకు రైతుల పొలాల్లోంచి పోతాయి. నేల గడ్డకట్టి పైన మంచు ఉంటేనే బళ్ళకి అనుమతి. మంచు లేకపోతే గేటు తియ్యరు. గేటు తియ్యకపోతే మోటెళ్ళు, పెట్రోలు బంకులు, హోటళ్ళు అన్నీ ఖాళీ.

సాయంత్రం బళ్ళు తిరిగి ఇచ్చేటప్పుడు అద్దెకిచ్చినాయన్ని అడిగాను, ఇలా అయితే ఎలాగండీ అని. షెడ్డు తలుపు తీసి చూపించాడు. లోపల వరసగా కొత్త నాలుగు చక్రాల ఏటీవీలు. "వీటికి బురద చాలు" అన్నాడు.