స్మార్ట్ కార్డు కథ: చిప్పు చేతికి వచ్చిన కూలి

పత్తికి ఆదోని, చేనేతకు ఎమ్మిగనూరు పేరుపొందినవి. వాటికి చేరువలోనిదే గోనెగండ్ల మండలము. హంద్రీనదిపై కట్టిన గాజులదిన్నె జలాశయము ఈ మండలమందే కలదు. అయినను పడమటి కర్నూలు సేద్యము చాలవరకు వానను నమ్ముకొన్నదే. వాన మొగము చాటుచేసిన యేడు కూలిజనము సుగ్గికని గుంటూరు వైపు తరలిపోవుట ఇచ్చటివారికి కొత్త కాదు. ఇట్టి కుటుంబములకు ఊరిలోనే పని కల్పింపవలెనను ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో ప్రారంభమైనది. పని దొరికినది. కాని ఆ పనికి కూలి, పని చేసినవారి చేతికే, సకాలములో చేరుట ఎట్లు? ఈ ప్రశ్నకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వెదకిన సమాధానము స్మార్ట్ కార్డు.

ఈ కార్డు మన దేశమున పుట్టినది కాదు. ప్లాస్టిక్ కార్డులో చిప్పును పొదుగవచ్చునను ఆలోచనను 1968లో జర్మనీయులు హెల్ముట్ గ్రోట్రుప్, యూర్గెన్ డెత్‌లాఫ్ ముందుకు తెచ్చిరి. 1974లో ఫ్రాన్సులో రోలాఁ మొరెనో జ్ఞాపకశక్తి గల కార్డునకు పేటెంటు కోరెను. 1977లో మిషెల్ ఉగోన్ ఆ కార్డులో సూక్ష్మ గణనయంత్రమునే అమర్చు విధానమును రూపొందించెను. 1983 నుండి ఫ్రాన్సులో ప్రజలు టెలిఫోను రుసుమును చిప్పు కార్డుతో చెల్లింపసాగిరి.

సాధారణ మెమరీ కార్డునకును దీనికిని భేదమేమి? మెమరీ కార్డు తాళము లేని పెట్టె వంటిది. ఎవరు తెరచినను లోనిది చూపును. స్మార్ట్ కార్డు కావలివాడున్న పెట్టె వంటిది. లోనున్న గణనయంత్రము అడిగినవాని గుర్తును పరీక్షించి, సరిపడిననే బదులు చెప్పును. కార్డు మీద బంగారువన్నెతో మెరయు పలుకను చూడుడు. ప్రమాణము ప్రకారము దానికి ఎనిమిది స్పర్శస్థానములు. ఒకటి విద్యుత్తునకు, ఒకటి భూమికి, ఒకటి గడియారపు తాళమునకు, ఒకటి కార్డును మొదటి స్థితికి తెచ్చుటకు. సమాచారము వచ్చిపోవుటకు ఉన్నది ఒక్కటే దారి. అందుచే దానిపై చెమట, జిడ్డు పేరుకొన్నచో సంభాషణ తడబడును. కార్డును అంచులు పట్టుకొని వాడవలెననుటకు కారణమిదే. వంచినచో లోని చిప్పు విరుగవచ్చును.

ఇదే కాలమున ఒడిలో పెట్టుకొను కంప్యూటరు, అనగా లాప్‌టాప్, ప్రచారములోనికి వచ్చెను. బల్లమీది కంప్యూటరు వలె దానిని విప్పి కొత్త పలకలు బిగించుటకు వీలు లేదు. ప్రక్కనుండి దూర్చదగిన కార్డులకు ప్రమాణము నేర్పరచుటకు 1989లో పీసీఎంసీఐఏ అను సంఘము ఏర్పడినది. వారి కార్డు పొడవు 85.6, వెడల్పు 54 మిల్లీమీటరులు. అనగా స్మార్ట్ కార్డు కొలతలే! మందము మాత్రము 3.3, 5, 10.5 మిల్లీమీటరులని మూడు తరగతులు. ఈ అరలో దూర్చు స్మార్ట్ కార్డు చదువరులు కూడ తయారైనవి. 2003లో ఎక్స్‌ప్రెస్‌కార్డు వచ్చెను. తరువాత యూఎస్‌బీ ఆ పనులలో పెక్కింటిని తానే చేపట్టినది.

ఆ కార్డు 68 సూదులలో ఒక చమత్కారము కలదు. విద్యుత్తు, భూమి సూదులు తక్కినవాటికంటె పొడవు. కనుక దూర్చునపుడు అవి ముందు తగులును, లాగునపుడు చివర విడిపోవును. యంత్రము నడుచుచుండగనే కార్డును మార్చగలుగుట దీనివలననే. అయినను లాగుటకు ముందు, కార్డును ఆపుమని యంత్రమునకు తెలుపవలెను. సూది విద్యుత్తును కాపాడునే గాని, సగము వ్రాసిన లెక్కను పూర్తిచేయదు.

ఇక మన కథకు వత్తము. ఆంధ్రప్రదేశ్‌లో ఊరూర కూలీల ఛాయాచిత్రములు, వేలిముద్రలు సేకరించి కార్డులు పంచిరి. బ్యాంకుల తరఫున ఊరిలోని ఒక వ్యక్తి, సాధారణముగా స్వయంసహాయక సంఘపు మహిళ, చేతియంత్రముతో కూలి చెల్లించెడిది. వేలిముద్ర సరిపడిననే సొమ్ము.

ఫలితమును పరీక్షించుటకు కర్నూలుతో సహా ఎనిమిది జిల్లాలలో 157 మండలములను తీసికొని, ఏ మండలమునకు ముందు, ఏ మండలమునకు తరువాత అనునది చీట్లు వేసినట్లు నిర్ణయించిరి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ 2016లో ప్రకటించిన ఫలితములివి. రెండేండ్ల తరువాత కూడ ముందు మండలములలో సుమారు సగము చెల్లింపులే కొత్త పద్ధతికి మారినవి. అయినను కూలి అందుటలో ఆలస్యము తగ్గెను. ఒక్కొక్క చెల్లింపునకు కూలివారికి సగటున 22 నిమిషములు మిగిలెను. నడుమ జారిపోవు సొమ్ము సుమారు 41 శాతము తగ్గెను. కార్డు ఎరిగినవారిలో నూటికి 90 మందికి పైగా కొత్త పద్ధతినే మెచ్చిరి.

ఇందు గమనింపదగిన విశేషమొకటి. కాలము మిగులుటకు ముఖ్యకారణము చెల్లింపుచోటు ఊరిలోనికి వచ్చుటగాను, సొమ్ము జారకుండుటకు కారణము వేలిముద్ర పరీక్షగాను పరిశోధకుల విశ్లేషణమందు తోచినది. అనగా చిప్పు ఒక్కటే మేలు చేయలేదు. దానిని ఊరికి తెచ్చిన ఏర్పాటు కూడ చేసినది. వేలిముద్రకును పరిమితి కలదు. పార, గడ్డపార పట్టి అరిగిన వ్రేళ్లను యంత్రము ఒక్కొక్కప్పుడు గుర్తింపదు. అట్టివారికి వేరొక దారి ఉంచుట న్యాయము. పిమ్మట ఆధార్ వచ్చి, కార్డు లేకయే దూరపు కంప్యూటరులోని ముద్రతో వేలిని సరిచూచు పద్ధతి ప్రబలినది. అందును ఈ చిక్కు తొలగలేదు.

ఉపాధ్యాయులు గడువు తీరిన బ్యాంకు కార్డు నొకదానిని తరగతికి తెచ్చి, అందలి పలుకను విద్యార్థులచే భూతద్దముతో చూపింపవచ్చును. స్పర్శస్థానములను లెక్కించి, సమాచారము నడచు దారి ఏదో గుర్తింపుమని అడుగవచ్చును. అంత చిన్న దారిని నమ్ముకొని ఒక కుటుంబపు వారము కూలి ప్రయాణము చేసినదని తెలిసినపుడు, కార్డును జాగ్రత్తగా పట్టుకొనుట ఎందులకో వారికి వేరుగా చెప్పనక్కరలేదు.