పంతులు జీతం ఎవరిచ్చారు?

మన ఊళ్ల పాత బడుల గురించి రెండు కథలు చలామణిలో ఉన్నాయి. తెల్లవాళ్లు రాకముందు ఊరూరా బడి ఉండేదని, అన్ని కులాల పిల్లలూ అందులో చదివేవారని, కంపెనీ పాలన దాన్ని నాశనం చేసిందని మొదటి కథ. చదువంతా అగ్రహారాల్లోనే ఉండిపోతే ఇంగ్లీషు ప్రభుత్వమే తలుపులు తెరిచి అందరినీ లోపలికి పిలిచిందని రెండో కథ. రెండింటికీ ఆధారాలున్నాయి, రెండింటిలోనూ సగమే నిజం ఉంది. తెలుగు జిల్లాల రికార్డులను వరసగా చదివితే ఈ రెంటికన్నా నిలకడైన విషయం ఒకటి కనిపిస్తుంది. ధర్మశాస్త్రం ఏం చెప్పింది, ప్రభుత్వం ఏ ఉత్తర్వు ఇచ్చింది అన్నవాటి కంటే పంతులుకు జీతం ఎవరిచ్చారు, బడికి చోటు ఎవరిచ్చారు అన్నవే ఆ బడిలో ఎవరు కూర్చోవాలో ఎక్కువగా నిర్ణయించాయి.

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలెక్టర్లందరికీ ఒక ప్రశ్న పంపించాడు. మీ జిల్లాలో బడులెన్ని, వాటిలో ఏ కులం పిల్లలు ఎందరు, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు అని. వచ్చిన జవాబుల్లో అన్నిటికంటే వివరమైనది 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ రాసింది. అప్పటి బళ్లారి జిల్లా అంటే ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసినది. అక్కడ 9,27,857 మంది జనానికి 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మిగిలినవి మరాఠీ, పారశీకం, తమిళం, వేదశాస్త్రాల బడులు, ఒక ఇంగ్లీషు బడి. ఒకే జిల్లాలో ఇన్ని భాషల్లో చదువు సాగడం గొప్ప విషయమే. అక్షరాలు దిద్దే తీరు, వాచకాలు, దండన అన్నీ క్యాంప్‌బెల్ రాసిపెట్టాడు. పొద్దున అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడి నుంచి బెత్తం దెబ్బలు, వెనకబడిన కొద్దీ ఒక్కొక్కటి ఎక్కువ. రామాయణ భారత భాగవతాలు అందరూ చదివినా, కమ్మరి కంసాలి వంటి పనివారి పిల్లలకు విశ్వకర్మ పురాణం, నాగలింగాయన కథ ప్రత్యేకంగా ఉండేవని కూడా రాశాడు. చేతిపనుల కులాలు బడిలో ఉన్నాయనడానికి, తమ పుస్తకాలు వెంట తెచ్చుకున్నాయనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. తెల్లవాళ్ల కంటే ముందు చదువు ఒక్క కులానిదేనని చెప్పేవారు ఈ పుటలు చదవాలి.

అయితే ఆ పుటల్లోనే డబ్బు లెక్క కూడా ఉంది. అన్ని జిల్లాల నివేదికలూ చూశాక 1826 మార్చిలో మన్రో రాసిన అభిప్రాయపత్రం ప్రకారం పిల్లవాడికి నెలకు నాలుగు అణాల నుంచి ఆరు, ఎనిమిది అణాల దాకా తల్లిదండ్రులు ఇచ్చుకునేవారు. పంతులుకు మొత్తం కలిపి నెలకు ఆరేడు రూపాయలు దాటేవి కావు. జనంలో వెయ్యి మందికి ఒక బడి ఉందన్నది ఆయన లెక్క. అయిదు నుంచి పదేళ్ల లోపు మగపిల్లల్లో నాలుగో వంతు బడికి వెళ్తున్నారని, ఇళ్లలో చదువుకునేవారిని కలిపితే మూడో వంతుకు దగ్గర కావచ్చని అంచనా వేశాడు. ఆ కాలానికి ఇది తక్కువేమీ కాదు, ఐరోపాలో చాలా దేశాల కొద్దికాలం ముందటి స్థితితో పోల్చి ఆయనే ఆ మాట ఒప్పుకున్నాడు. కానీ బడి పంతులు ఇంటి అరుగు మీదో, గుడి మండపంలోనో, ఊళ్లో కలిగినవారి వసారాలోనో నడిచేది. మాల మాదిగ పిల్లలు ఆ అరుగు ఎక్కడానికి వీల్లేదు. ఎక్కనిచ్చినా నాలుగు అణాలు ఎక్కడివి? జీతమిచ్చే ఇళ్లవారు ఎవరి పక్కన తమ పిల్లల్ని కూర్చోబెడతారో వారికే అందులో చోటు. పంతులు మంచివాడో చెడ్డవాడో అన్నది ఆ తర్వాతి మాట. ఇచ్చేవారిని కాదంటే ఆయనకు ఆ ఆరు రూపాయలూ రావు.

ఈ వాదానికి చరిత్ర పరిశోధకుడు ధరంపాల్ 1983లో ప్రచురించిన పుస్తకం పెద్ద అభ్యంతరంగా నిలుస్తుంది. 1931లో లండన్‌లో గాంధీ, బ్రిటిష్ పాలన ఒక అందమైన చెట్టును వేళ్లు తవ్వి ఎండబెట్టిందన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. ఆ మాటకు రుజువుగా ధరంపాల్ మన్రో కాలపు పట్టికలన్నీ ఒకచోట చేర్చారు. తమిళ జిల్లాల్లో శూద్రులు, ఇతర కులాలవారే విద్యార్థుల్లో నూటికి డెబ్భై మంది, దక్షిణ ఆర్కాటులో ఎనభై నాలుగు దాటి ఉన్నారని చూపించారు. ఆ పట్టికలు నిజమైనవే. వాటిని వెలికితీసినందుకు ఆయనకు మనం ఋణపడి ఉండాలి. కానీ తెలుగు జిల్లాల అంకెలు అలా లేవు. కడపలో విద్యార్థుల్లో దాదాపు నాలుగో వంతు బ్రాహ్మణులు, విశాఖపట్నంలో సగానికి కాస్త తక్కువ. శూద్రులు, ఇతరులు కలిసి గుంటూరులో నూటికి ముప్పై అయిదు, కడపలో, విశాఖలో నలభై పైచిలుకు. వైశ్యుల వాటా కడపలో పావువంతు దాటింది. జనాభాలో ఈ కులాల వాటాతో పోల్చితే ఎవరికి అనుకూలంగా ఉందో వేరే చెప్పక్కర్లేదు. అంతకంటే ముఖ్యం, శూద్రులన్న గడిలో భూమి ఉన్న కాపు, రెడ్డి, వెలమ కుటుంబాలు కూడా ఉన్నాయి. ఇతర కులాలన్న గడిలో ఎవరున్నారో పట్టికలు విడదీసి చెప్పవు. కాబట్టి ఆ అంకెల నుంచి తీయగలిగిన తీర్పు ఒకటే: అణాలు ఇవ్వగలిగిన శూద్రులకు బడి తెరిచి ఉంది. బీదపిల్లలకు ఊరికే చెప్పిన పంతుళ్లు ఉన్నారని కొందరు కలెక్టర్లు రాశారు, నమ్మవచ్చు. అయితే ఒకరి దయ మీద నిలిచిన చోటు ఆ దయ ఉన్నంతకాలమే.

ఆడపిల్లల సంగతి మరీ క్లుప్తం. బళ్లారిలో 6,641 మందిలో అరవై మంది. దేవదాసీ, భోగం కుటుంబాల పిల్లలకు పాట, ఆట, చదువు వృత్తిలో భాగం గనుక ఆ ఇళ్లవారు ఖర్చు పెట్టేవారు, మిగిలిన ఇళ్లలో ఆ ఖర్చు చేసే కారణం ఎవరికీ కనిపించలేదు. 1874లో ధవళేశ్వరంలో వీరేశలింగం బాలికల పాఠశాల పెట్టేదాకా, ఆ తర్వాత కూడా, ఆడపిల్లల బడికి బయటి చందాలే దిక్కయ్యాయి.

ఇక ప్రభుత్వం డబ్బు పెట్టినప్పుడు ఏమైంది? మన్రో ప్రతి జిల్లాకు పెద్ద బడులు, ప్రతి తహసీలుకు ఒక బడి పెట్టాలని, జిల్లా పంతులుకు పదిహేను రూపాయలు, తహసీలు పంతులుకు తొమ్మిది రూపాయలు జీతం ఇవ్వాలని ప్రతిపాదించాడు. తొమ్మిది రూపాయలు చాలకపోతే ఇంకో అంత పిల్లల నుంచి వస్తుందని కూడా అదే కాగితంలో రాశాడు. అంటే సగం జీతం సర్కారుది, సగం మళ్లీ ఊరిపెద్దలదే. దాదాపు పదేళ్లకే ఆ బడులు మూతపడ్డాయి. 1850ల నడుమ గోదావరి ప్రాంతంలో టేలర్ అనే సబ్‌కలెక్టరు ప్రోత్సాహంతో రైతులు శిస్తు మీద అదనంగా కట్టుకుని గ్రామాల్లో బడులు పెట్టుకున్నారు. మన దేశంలో ఇది చెప్పుకోదగ్గ ప్రయత్నం, ఆ పన్నుకు చట్టబద్ధత ఇవ్వడానికే 1863లో మద్రాసు విద్యా చట్టం వచ్చింది. ఆ బడులు ఎవరివి? శిస్తు కట్టిన రైతులవి. పొలంలో దిగి పనిచేసిన పాలేరు ఏ శిస్తు జాబితాలోనూ లేడు.

ఇక్కడే నా వాదానికి గట్టి అడ్డంకి వస్తుంది. కులం పేరుతో ఏ పిల్లవాడినీ సర్కారు బడిలో కాదనరాదన్న సూత్రాన్ని కంపెనీ డైరెక్టర్లు 1854లోనే ఒప్పుకున్నారు, 1882 నాటి హంటర్ విద్యా కమిషన్ దాన్ని మళ్లీ నిలబెట్టింది. జీతం ఇచ్చేది ప్రభుత్వమే అయినప్పుడు తలుపు తెరుచుకోవాలి కదా? తెరుచుకోలేదు. 1919లో మద్రాసు ప్రభుత్వం ఒక ఉత్తర్వులో ఈ విషయం పరిశీలించేనాటికి ప్రభుత్వ, స్థానిక సంస్థల యాజమాన్యంలో ఉన్న ఎనిమిది వేల పైచిలుకు బడుల్లో పంచమ పిల్లలను, అంటే మాల మాదిగ వంటి కులాల పిల్లలను, చేర్చుకున్నవి ఆరు వందలు మాత్రమే. కారణం ఆ ఉత్తర్వే చూపించింది: బడులు అగ్రహారాల్లో, గుళ్ల ఆవరణల్లో, పంచములు కాలుపెట్టలేని చావడుల్లో ఉన్నాయి. డబ్బు మద్రాసు నుంచి వచ్చినా, దాన్ని ఖర్చుపెట్టే తాలూకా బోర్డులో కూర్చున్నది ఊరి భూస్వాములు, అద్దెకు వసారా ఇచ్చింది వాళ్లే, పంతులుకు కూరా నారా వచ్చేది ఆ ఇళ్ల నుంచే. ప్రభుత్వం జీతం మాత్రమే ఇచ్చింది, చోటు ఇవ్వలేదు. కాబట్టి ఈ ఉదాహరణ వాదాన్ని కొట్టివేయదు, దాన్ని ఇంకొంచెం కచ్చితంగా చెప్పమంటుంది: కట్టడం, చోటు, జీతం మూడూ ఎవరి చేతుల్లో ఉన్నాయో చూడాలి.

మూడూ ఊరి చేతుల్లోంచి బయటికి వెళ్లిన చోట ఏం జరిగిందో ఒంగోలు చూపిస్తుంది. 1866లో అక్కడికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బడి పెడితే మొదట అగ్రకులాల ఇళ్లవారు ఆసక్తి చూపారు. మాదిగ కులస్తుడైన ఎర్రగుంట్ల పేరయ్య వెంట ఆ కులంవారు క్రైస్తవ సంఘంలోకి రాసాగాక అగ్రకులాలవారు తమ పిల్లల్ని మాన్పించారు. అరుగు బడి పంతులైతే ఆ నెలే లొంగిపోయేవాడు. క్లౌకు డబ్బు బోస్టన్ నుంచి వచ్చేది, అందుకే నిలబడగలిగాడు. ఈ బడుల లక్ష్యం మతం మార్చడమే కదా అన్న ఆక్షేపణ పాతది, న్యాయమైనది కూడా. వాచకంలో బైబిలు ఉంది, ప్రశ్నోత్తరాల్లో క్రీస్తు ఉన్నాడు. ఇంకో ఆక్షేపణ ఇంతకంటే బరువైనది: మాల మాదిగల పాలెంలో పెట్టిన బడిలో పాలెం పిల్లలే చదివితే వెలి పోలేదు, దానికే ఒక కప్పు వేసినట్టయింది. 1920 తర్వాత మద్రాసు ప్రభుత్వ లేబరు శాఖ పంచములకు విడిగా పెట్టిన బడులకూ ఇదే వర్తిస్తుంది. ఈ మాట కాదనలేను. అయితే ఆ విడి బడులు లేకపోతే ఆ పిల్లలు కలిసి చదివే బడికి వెళ్లేవారు కాదు, ఏ బడికీ వెళ్లేవారు కాదు. 1919 లెక్క చెప్పేది అదే. ఆ విడి బడుల నుంచి చదువుతో పాటు మరొకటి వచ్చింది: దళితుడైన ఉపాధ్యాయుడు. వినుకొండలో పుట్టిన కవి గుర్రం జాషువా గుంటూరులో లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పాఠం చెప్పి బతికాడు, ఊరి అరుగు మీద ఆయనకు ఆ కుర్చీ దొరికే అవకాశం లేదు.

జీతం ఇచ్చేది విదేశీయుడే కానక్కర్లేదు. కాకినాడలో పిఠాపురం రాజా కళాశాలకు 1904 నుంచి రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాలు. ఆడపిల్లల్నీ దళిత విద్యార్థుల్నీ ఆయన ధైర్యంగా చేర్చుకున్నాడు. ఆ ధైర్యం వెనక బ్రహ్మసమాజ విశ్వాసం ఉంది, సందేహం లేదు. దాంతోపాటు, ఖర్చు భరించేది ఊరిపెద్దల చందా కాదు, అదే విశ్వాసం ఉన్న ఒక్క జమీందారు. ఆ రాజా దళిత విద్యార్థులకు వసతిగృహం ఖర్చు కూడా పెట్టుకున్నాడు. హైదరాబాదులో ఆది హిందూ ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ పద్ధతి వేరు. ఉర్దూలో నడిచే రాజ్యంలో ఆయన ఆది హిందువుల, అంటే దళితుల, పిల్లలకు తెలుగులో బడులు పెట్టించాడు, చందాలు తమ బస్తీల నుంచే మొదలయ్యాయి, కనుక ఎవరి పిల్లలు లోపలికి రావాలో ఎవరినీ అడగాల్సిన పనిలేకపోయింది. నిజాం ప్రభుత్వం తర్వాత ఆ బడులను తన కిందికి తీసుకుంది. పేదల చందాతో ఎంతకాలం నడుస్తాయి? ఆ ప్రశ్నను ఆయన ముందుగానే ఆలోచించి సర్కారు దగ్గరికి వెళ్లడం నాకు ఆ ఉద్యమంలోకెల్లా దూరదృష్టి ఉన్న పనిగా కనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా బడి గుమ్మం దాకా రాగలిగిన పిల్లవాడికి తిండి, పడక, నూనె దీపం ఎవరిస్తారన్నది తేలలేదు. సంక్షేమ హాస్టళ్లు ఆ పని కొంత చేశాయి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకుల పాఠశాల దాన్ని పూర్తిగా చేసింది: కట్టడం ప్రభుత్వానిది, అన్నం ప్రభుత్వానిది, జీతం ప్రభుత్వానిది. తర్వాత ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకు విడివిడిగా గురుకులాలు వచ్చినప్పుడు, పాలెం బడి మీద చెప్పిన ఆక్షేపణే మళ్లీ వినిపించింది. దానికి జవాబు ఆ గురుకులాలను మూసేయడంలో లేదు, పట్టణాల్లో ఫీజు బడులు ఇప్పుడు ఎవరి అరుగులుగా ఉన్నాయో చూడడంలో ఉంది. మధ్యతరగతి తల్లిదండ్రులు వేలూ లక్షలూ కట్టే చోట ఎవరు పక్కన కూర్చోవాలో మళ్లీ కట్టేవారే తేలుస్తున్నారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో ప్రవేశ తరగతి సీట్లలో నాలుగో వంతు పేద, వెనకబడిన పిల్లలకు ఇవ్వమంది, ఖర్చు ప్రభుత్వం తిరిగి చెల్లించాలంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సెక్షన్ అమలు మొదలైంది 2022-23లో, చట్టం వచ్చిన పదమూడేళ్లకు. అప్పుడైనా ఖర్చును సర్కారు నేరుగా బడికి కట్టలేదు. అప్పటి అమ్మఒడి పథకం కింద తల్లి ఖాతాలో పడిన డబ్బులోంచి ఆ తల్లే ఫీజు కట్టాలని ఉత్తర్వు వచ్చింది. ఇంకెవరి పిల్లలకైనా పుస్తకాలకూ బట్టలకూ మిగిలే సొమ్మును, ఆ సీటు దొరికిన పిల్లల తల్లులు మాత్రం యాజమాన్యానికి అప్పజెప్పాల్సి వచ్చింది. చట్టం ఆ భారం పెట్టింది ప్రభుత్వం మీద, దాన్ని తల్లి మీదకు మార్చే హక్కు ఏ ఉత్తర్వుకూ లేదు.