వ్యాయామ హైపోనట్రీమియా

దీర్ఘసమయం వ్యాయామం చేసేటపుడు గాని, చేసిన 24 గంటలలోపు గాని రక్తంలో సోడియం గాఢత లీటరుకు 135 మిల్లీమోళ్ళ కంటె తగ్గిపోవడాన్ని వ్యాయామ హైపోనట్రీమియా అంటారు. ఆరోగ్యవంతులలో ఇది 135 నుండి 145 వరకు ఉంటుంది. మారథాన్ వంటి పోటీలలో దీనివలన మరణాలు కూడా సంభవించాయి.

కారణం

చెమట ఉప్పగా ఉంటుంది గనుక ఉప్పు పోవడమే దీనికి మూలమని చాలామంది భావిస్తారు. అది పూర్తిగా సరికాదు. చెమటలో సోడియం గాఢత రక్తంలో కంటె తక్కువ. కనుక చెమట పట్టినంత మాత్రాన రక్తంలో సోడియం గాఢత తగ్గదు సరికదా, పెరుగుతుంది. పోయిన నీటికంటె ఎక్కువ త్రాగడమే ప్రధాన కారణం. పైగా తీవ్రశ్రమ వలన వెలువడే వాసోప్రెసిన్ అనే హార్మోను మూత్రపిండాలను అదనపు నీటిని విసర్జించనీయదు. పలుచబడిన రక్తం నుండి నీరు మెదడు కణాలలోనికి చేరి మెదడు వాస్తుంది.

2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తాన్ని పరీక్షించగా 13 శాతం మందిలో ఈ స్థితి కనిపించింది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారిలోను, 4 గంటలకు మించి పరుగెత్తినవారిలోను ఇది ఎక్కువ. నెమ్మదిగా పరుగెత్తేవారికి ప్రతి నీటి కేంద్రం వద్ద ఆగి త్రాగే వ్యవధి ఉంటుంది మరి!

హైదరాబాదులో

2011లో మొదలైన హైదరాబాద్ మారథాన్ ఆగస్టు నెలలో జరుగుతుంది. పూర్తి పరుగు 42.195 కిలోమీటర్లు. వానాకాలపు తేమగాలిలో చెమట ఆరక కారిపోతుంది, శరీరం చల్లబడదు. కాబట్టి ఇక్కడ నీరు తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. దాహాన్ని బట్టి త్రాగాలని 2015 నాటి అంతర్జాతీయ నిపుణుల సంఘం సూచించింది. పరుగుకు ముందు, తరువాత బరువు చూసుకోవడం ఉపయోగకరం. బరువు పెరిగితే నీరు ఎక్కువైనట్లే.

లక్షణాలు, చికిత్స

తలనొప్పి, వికారం, వాంతి, తికమక, మూర్ఛ. వీటిలో కొన్ని వడదెబ్బలోను, నిర్జలీకరణంలోను కూడా కనిపిస్తాయి. అందుకే తూలిపడిన వ్యక్తికి చుట్టుప్రక్కలవారు సీసాలకొద్దీ నీరు పట్టించడం ప్రాణాంతకం కావచ్చు. తికమక, మూర్ఛ ఉంటే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ సోడియం పరీక్షించి, 3 శాతం ఉప్పు ద్రావణాన్ని 100 మిల్లీలీటర్ల చొప్పున నరంలోనికి ఎక్కిస్తారు.

పానీయాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓ.ఆర్.ఎస్. ద్రావణంలో లీటరుకు 75 మిల్లీమోళ్ళ సోడియం ఉంటుంది. క్రీడాపానీయాలలో ఇంతకంటె చాలా తక్కువ. అతిగా త్రాగితే అవి కూడా రక్తాన్ని పలుచన చేస్తాయి. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఉప్పు వేసిన మజ్జిగ ఈ విషయంలో మేలు. ఓ.ఆర్.ఎస్. అనే పేరుతో అమ్మే తీపి పానీయాలపై హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ సంస్థ సూత్రానికి సరిపోని పానీయాలపై ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.