పేజ్‌మేకర్‌కి బదులు ఏముంది? – ఒక ప్రశ్నకు ప్రతిపదార్థం

మూలం: "విండోస్ వదిలేసి లినక్స్‌కి మారదామనుకుంటున్నాం. మా పేజ్‌మేకర్, ఫొటోషాప్, అను ఫాంట్లు, ట్యాలీ – వీటికి బదులుగా అందులో ఏమున్నాయో చెప్పండి."

డీటీపీ సెంటర్లు నడిపేవాళ్ళు అడిగే ప్రశ్న ఇది. దీనికి మామూలుగా దొరికే జవాబు రెండు వరుసల పట్టిక: ఎడమవైపు ఫొటోషాప్, కుడివైపు గింప్, ఎడమవైపు వర్డ్, కుడివైపు లిబ్రెఆఫీస్. పట్టికలో అబద్ధమేమీ లేదు. కాని దాన్ని నమ్ముకుని సోమవారం పొద్దున షాపు తెరిచిన ఆపరేటరు పదింటికల్లా చేతులెత్తేస్తాడు. ప్రోగ్రాముకు ప్రోగ్రాము వెతకడం ఆఖరున చెయ్యాల్సిన పని. పాత ఫైళ్ళ సంగతి, వేళ్ళకు అలవాటైన కీబోర్డు సంగతి ముందు తేలాలి. అందుకని మూలంలోని పదాలను ఉన్న వరుసలో కాక అన్వయక్రమంలో తీసుకుంటున్నాను.

వదిలేసి – 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 వేసుకోవాలంటే కంప్యూటర్లో టీపీఎం 2.0 భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అర్హత. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లుబుక్కులు చేసుకునే షాపుల్లో అంతకుముందు కొన్న మిషన్లు ఇంకా నిక్షేపంగా పనిచేస్తున్నాయి. కాబట్టి ఈ వదలడం సిద్ధాంతం కోసం కాదు, కొత్త మిషన్ల ఖర్చుకు వెరచి. సలహా చెప్పేవాళ్ళు ఇది మనసులో పెట్టుకోవాలి. డబ్బు మిగులుతుందని వచ్చినవాడికి నెల రోజుల పని ఆగిపోయే దారి చూపించి లాభం లేదు.

అను ఫాంట్లు – ప్రశ్న మొత్తానికి ఇరుసు ఈ మాటే. అడిగేవాళ్ళు దీన్ని పేజ్‌మేకర్ తర్వాత చేరుస్తారు గాని మొదట తేల్చాల్సింది దీన్నే.

అనులో కొట్టిన ఫైల్లో నిజానికి తెలుగు అక్షరాలు లేవు. ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యలు. ఆ సంఖ్యల దగ్గర ఫాంటు తెలుగు ముక్కలు గీసి చూపిస్తుంది: ఒకచోట తలకట్టు, ఒకచోట గుడి, ఇంకోచోట ఒత్తు. ఫాంటు తీసేస్తే తెరమీద మిగిలేది పొంతనలేని రోమన్ అక్షరాల గుంపు. ఆ పద్ధతి ఎంచుకున్నవాళ్ళను తప్పుపట్టలేం. యూనికోడ్ 1991లోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించినా, విండోస్‌తోపాటు గౌతమి అనే తెలుగు ఫాంటు రావడం 2001లో ఎక్స్‌పీతోనే. ప్రెస్సులు అంతదాకా ఆగలేవు కదా.

అందువల్ల లినక్స్‌లో అనుకు బదులు ఫాంటు వెతకడం కంటే పాత పాఠాన్ని యూనికోడ్‌లోకి తేవడం ముఖ్యం. కన్వర్టర్లున్నాయి, ఉచితంగానూ దొరుకుతాయి. చిక్కల్లా ఒత్తుల దగ్గరే. ముక్కల ఫాంటులో ఒత్తు ముందు కొట్టినా గుణింతపు గుర్తు ముందు కొట్టినా కంటికి ఒకేలా కనబడుతుంది. యూనికోడ్‌లో ఆ క్రమం తప్పితే అక్షరం విడిపోతుంది. కాబట్టి మార్చినదాన్ని మళ్ళీ ప్రూఫు చూడాల్సిందే. ఉన్నదంతా మార్చాలని కూర్చోవద్దు. పదేళ్ళ కిందటి ఎన్నికల కరపత్రం ఎవరికి కావాలి? పునర్ముద్రణకు వచ్చే పుస్తకాలు, ఏటా తేదీ మార్చి వేసే జాతర ఆహ్వానాలు, కాలేజీ ఫారాలు – ఇవి చాలు. మిగతావి పీడీఎఫ్ తీసి పక్కన పెట్టుకోండి.

ఇక వేళ్ళ సంగతి. అనులో యాపిల్ కీబోర్డుకు అలవాటుపడ్డ ఆపరేటరును ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమంటే నేర్చుకోడు, పక్క షాపుకు పోతాడు. ఆ అవసరం కూడా లేదు. లినక్స్‌లో ఐబస్ అనే ఇన్‌పుట్ ఏర్పాటుకు ఎం17ఎన్ కీమ్యాపులు జోడిస్తే తెలుగుకు యాపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, సరళ లేఅవుట్లన్నీ వస్తాయి. ఒకటి రెండు కీలు అటూఇటూ అయినట్టు అనిపించినా భయం లేదు. ఆ కీమ్యాపు మామూలు టెక్స్ట్ ఫైలే, తెరిచి దిద్దుకోవచ్చు. పట్టికలు ఈ కబురు చెప్పవు. నా లెక్కలో లినక్స్‌కి మారే తెలుగు షాపుకు ఇంతకంటే పనికొచ్చే కబురు ఇంకోటి లేదు.

అక్షరాల అందానికొస్తే, పుస్తకపు పాఠానికి తిరుమల కృష్ణ దేశికాచారి చేసిన పోతన2000, వేమన2000 ఉన్నాయి. శీర్షికలకు సిలికానాంధ్ర వెలువరించిన రామభద్ర, మల్లన్న, గురజాడ వంటివి ఉన్నాయి. శుభలేఖలు వేసేవాళ్ళకు మాత్రం అను ఇచ్చిన వైవిధ్యం యూనికోడ్‌లో ఇంకా దొరకదు. ఈ లోటును ఒప్పుకునే ముందుకు వెళ్ళాలి.

పేజ్‌మేకర్ – దీనికి బదులు వెతకాల్సిన అగత్యం లినక్స్ తెచ్చిపెట్టింది కాదు. ఆల్డస్ కంపెనీ 1985లో తెచ్చిన పేజ్‌మేకర్ 1994లో అడోబీ చేతికి వచ్చింది. 2001 నాటి 7.0 దాని చివరి వెర్షన్. 2004లో దాని అభివృద్ధి ఆపేశారు. అది యూనికోడ్ తెలుగును చూపలేదు. అంటే విండోస్‌లోనే ఉండిపోయినా ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు గుమ్మం ముందు నిలబడేదే. మన ప్రెస్సులు ఇరవై ఏళ్ళుగా దాన్ని వాయిదా వేస్తూ వచ్చాయి, అంతే.

జవాబుగా చెప్పే పేరు స్క్రైబస్. తెలుగు ఒత్తులు ఇందులో సరిగా రావని పాతవాళ్ళు చెబితే అది ఒకప్పటి నిజం. అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్ ఇంజిన్ 2017లో 1.5.3 ప్రయోగాత్మక వెర్షన్‌లో చేరింది. సామాన్యులు నమ్మి వాడదగిన స్థిర వెర్షన్ 1.6 వచ్చేసరికి 2024 జనవరి అయింది. అంతకంటే పాతది వేసుకుని విసిగిపోయినవాళ్ళు మళ్ళీ ఒకసారి చూడవచ్చు. సీఎంవైకే రంగులు, బ్లీడ్, కటింగ్ గుర్తులు, ప్రెస్సుకు పంపదగిన పీడీఎఫ్ అన్నీ ఉన్నాయి. పదహారు పేజీలను ఫారంలో పేర్చే పనికి మాత్రం వేరే పనిముట్టు తెచ్చుకోవాలి. బొమ్మలు లేని నవలకో కవితా సంపుటికో స్క్రైబస్ కూడా ఎందుకు? లిబ్రెఆఫీస్ రైటర్‌లో స్టైళ్ళు పద్ధతిగా పెట్టుకుంటే హాయిగా అయిపోతుంది.

పాత పేజ్‌మేకర్ ఫైళ్ళను లిబ్రెఆఫీస్ డ్రా 2015 నుంచీ తెరవగలుగుతోంది. లేఅవుట్ ఓ మోస్తరుగా వస్తుంది. లోపలి పాఠం మాత్రం అను సంకేతాల్లోనే ఉంటుంది. అందుకే ఫాంట్ల సంగతి ముందు తీశాను.

ఫొటోషాప్ – పాస్‌పోర్ట్ ఫొటోలకు, పాత ఫొటోలు బాగుచెయ్యడానికి గింప్ చాలు. 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్‌తో, వేసిన ఫిల్టరును తర్వాత మార్చుకునే వీలు కూడా కలిగింది. అయితే గింప్‌లో పని నడిచేది ఆర్‌జీబీ రంగుల్లో. మొదటినుంచీ సీఎంవైకేలోనే బొమ్మ చెయ్యాలంటే క్రీటా నయం. అసలు ఇబ్బంది కస్టమర్ పంపే పీఎస్‌డీ ఫైలుతో వస్తుంది. గింప్ దాన్ని తెరుస్తుంది కాని ఎఫెక్టులు, మార్చదగిన అక్షరాలు అన్నీ వచ్చినట్టే వస్తాయని హామీ లేదు. అలాంటప్పుడు బ్రౌజరులో నడిచే ఫొటోపీ గట్టెక్కిస్తుంది. కోరల్‌డ్రా గురించి ప్రశ్నలో లేదు గాని ఫ్లెక్సీలు చేసేవాళ్ళు అడక్కుండా ఉండరు: ఇంక్‌స్కేప్.

ట్యాలీ – బదులు వెతకవద్దు. గ్నూక్యాష్ మంచి ప్రోగ్రామే, జమాఖర్చులు శుభ్రంగా రాస్తుంది. కాని మీ ఆడిటరు గారు అడిగేది ట్యాలీ డేటా. ఒక్క మిషన్‌లో విండోస్ ఉంచేయండి.

బదులుగా – ఈ మాట కింద మూడు దారులున్నాయి. వేరే ప్రోగ్రాము వాడటం మొదటిది. అదే ఇంతవరకూ చూశాం. విండోస్ ప్రోగ్రామునే లినక్స్ మీద నడిపించే వైన్ రెండోది. 1993లో మొదలైన ఈ ప్రాజెక్టు చిన్న ప్రోగ్రాములను బాగానే మోస్తుంది. కీబోర్డు మీటలను మధ్యలో అందుకుని మార్చే స్క్రిప్ట్ మేనేజర్ల విషయంలో దాన్ని నమ్ముకోమని నేను చెప్పను. మూడోది వర్చువల్ మిషన్: లినక్స్ లోపల ఒక కిటికీలో, ఇంటర్నెట్ తగలకుండా, లైసెన్సున్న పాత విండోస్, అందులో పేజ్‌మేకర్, అను. పాత ఫైలు తెరిచి పాఠం బయటికి తీసుకోవడానికి ఇది బంగారం. రోజువారీ పనంతా అందులోనే చేసేటట్టయితే మారినట్టు కాదు.

మారదామనుకుంటున్నాం – మూలంలో ముందు మార్పు, తర్వాత వెతుకులాట. దీన్ని తిరగెయ్యాలి. లిబ్రెఆఫీస్, గింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్ – నాలుగూ విండోస్‌లోనూ నడుస్తాయి. ఇప్పుడున్న మిషన్‌లోనే వేసుకుని, వచ్చిన కొత్త పని ఒక్కొక్కటీ వాటిలో చేస్తూ పోతే ఏది ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. ఆగినచోట పాత ప్రోగ్రాము పక్కనే ఉంటుంది. ఫ్రాన్సు పోలీసు దళం జెండార్మరీ చేసింది ఇదే: 2005లో ఓపెన్ఆఫీస్, 2006లో ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్, అవి అలవాటయ్యాక 2008 నుంచి ఉబుంటు. ఇన్నేళ్ళ తర్వాతా వాళ్ళు దాన్నే వాడుతున్నారు. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ కథ వేరు. 2013 నాటికి 15 వేల దాకా కంప్యూటర్లను లినక్స్‌కి మార్చి, 2017లో తిరిగి విండోస్‌కే పోవాలని తీర్మానించింది. అందులో రాజకీయం ఎంత, సాంకేతికం ఎంత అన్న వాదన ఇప్పటికీ ఉంది. ఇద్దరిలో చిన్న షాపు చూసి నేర్చుకోదగ్గది జెండార్మరీ వరసే.

లినక్స్ – ఏ లినక్స్ అని గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళున్నారు. మింట్ వేసుకోండి.

అధ్యాహారం – మూలంలో లేకపోయినా చేర్చుకోవాల్సిన పదం ఒకటుంది: ప్రింటర్. కొత్త ప్రింటర్లు చాలావరకు డ్రైవరు అడక్కుండానే లినక్స్‌తో మాట్లాడతాయి. జిరాక్సు షాపుల్లోని పాత చిన్న లేజరు ప్రింటర్లలో కొన్ని అలా కాదు; పేజీని తయారుచేసే పని కంప్యూటరు మీదే వదిలేసే రకం కావడంతో తయారీదారు డ్రైవరు లేకపోతే కాయితం లాగవు. స్కానర్లదీ ఇదే తీరు. మింట్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, హార్డ్‌డిస్కు ముట్టుకోకుండా దాన్నుంచే బూట్ చేసి, ఒక పేజీ ప్రింటు, ఒక పేజీ స్కాను తీసి చూడవచ్చు. పెళ్ళిళ్ళ సీజన్ కాని రోజుల్లో మధ్యాహ్నంపూట చూసుకుంటే మేలు.