సంచార పశుపోషణ, రాజ్య భావజాలం: దక్కను గొర్రెల కాపరులు

మందతో తిరిగే జీవనాన్ని రాజ్యం ఎలా చూసింది, ఆ చూపు వల్ల ఏం మారింది అనే విషయాన్ని ఈ భాగంలో మీరు పరిశీలిస్తారు.

1930లలో సోవియట్ ప్రభుత్వం ఉత్తర సైబీరియాలోని రెయిన్‌డీర్ మందలను సమష్టి క్షేత్రాల్లో చేర్చింది. సంచారాన్ని వెనకబాటుతనంగా, పెద్ద మంద గల కాపరిని వర్గశత్రువుగా భావించింది. నేనెట్స్, ఎవెంకీ తెగల పిల్లలను వసతి పాఠశాలల్లో చేర్పించింది. అనేకచోట్ల కాపరులు మందలను అప్పగించడానికి బదులు కోసివేశారు.

ఇది దూరదేశపు సంగతి అనిపించవచ్చు. ఇప్పుడు కంది, పటాన్‌చెరు పరిసరాలను గమనించండి. మెదక్ ప్రాంతపు కురుమలు, గొల్లలు తరతరాలుగా దక్కనీ గొర్రెను పెంచారు. అది ఎంత దూరమైనా నడుస్తుంది, కరువును ఓర్చుకుంటుంది. కోత అయిన చేలో రాత్రి మంద ఆపితే రైతుకు ఎరువు, కాపరికి గింజలు దక్కేవి. ఉన్ని వడికి, గొంగడి నేసి, చింతగింజల గంజి పట్టించేవారు. అంటే మంద కాపరి ఆస్తి మాత్రమే కాదు. పొలాన్నీ మగ్గాన్నీ కలిపిన వ్యవస్థ.

రాజ్యం ఈ వ్యవస్థను ముక్కలుగా చూసింది. 1952 జాతీయ అటవీ విధానం అడవిలో మేతను కట్టడి చేయవలసిన సమస్యగా భావించింది. పశుసంవర్ధక విధానం ఉన్ని కన్నా మాంసానికి ప్రాధాన్యమిచ్చి, నెల్లూరు వంటి జాతులను ప్రోత్సహించింది. 1960ల నుంచి రామచంద్రాపురం, పటాన్‌చెరులలో పరిశ్రమలు విస్తరించాయి. మేత భూములు తగ్గాయి. నక్కవాగు నీరు వ్యర్థాలతో కలుషితమైంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చింది. వృత్తికి గుర్తింపు లభించింది. కాని ఇతర రాష్ట్రాల నుంచి తెచ్చిన ఆ జీవాలు ఎక్కడ మేయాలన్న ప్రశ్న మిగిలింది.

ఈ రెండు అనుభవాలూ ఒకటే అనుకోవద్దు. అక్కడ నిర్బంధం, ఇక్కడ రాయితీ. పైగా ఉన్నికి ధర పడిపోయి, మాంసానికి గిరాకీ పెరిగినప్పుడు కాపరులే మాంసపు జాతుల వైపు మొగ్గారు. అయినా పోలిక ఒకటుంది: రెండుచోట్లా రాజ్యం జీవాలను లెక్కించింది గాని, అవి నడిచే దారిని లెక్కలోకి తీసుకోలేదు. దారి లేని మంద ఎక్కువ కాలం నిలవదు.

అభ్యాసం: మీ ఊరిలో వృద్ధుడైన ఒక కాపరిని కలవండి. ఆయన చిన్ననాడు మందలు ఏ దారిన వెళ్ళేవో, ఆ దారిలో నేడు ఏమున్నదో అడిగి, పది వాక్యాల్లో రాయండి.