గ్యాస్ గీజర్: లీక్ లేకపోయినా, వాసన రాకపోయినా ప్రాణాపాయమే.. బాత్రూమ్‌లో గాలి ఆడేలా ఏర్పాటు ఎలా ఉండాలి?

భోగి రోజు తెల్లవారుజామున చాలా ఇళ్లలో ఒకటే హడావుడి. ముందు పిల్లలకు తలంటు, తర్వాత పెద్దలు, ఆ తర్వాత పండక్కి వచ్చిన బంధువులు. ఒకే బాత్రూమ్‌లో ఒకరి తర్వాత ఒకరు స్నానం చేస్తారు. చలిగాలి రాకుండా వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టి ఉంటుంది. గోడకున్న గ్యాస్ గీజర్ వెలుగుతూనే ఉంటుంది.

ఇలాంటి బాత్రూమ్‌లో మొదట స్నానం చేసినవారికన్నా మూడోవారికి, నాలుగోవారికి ముప్పు ఎక్కువ. ఎందుకంటే గీజర్ మంట మండిన ప్రతి నిమిషం గదిలోని ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది.

చలికాలంలో బాత్రూమ్ మరణాల వార్తలు వచ్చినప్పుడు 'గీజర్ నుంచి గ్యాస్ లీక్' అనే మాట తరచూ వింటుంటాం. అలాంటి కొన్ని ఘటనల్లో అసలు లీకే ఉండదు. పైపు బాగానే ఉంటుంది, రెగ్యులేటర్ బాగానే ఉంటుంది. సరిపడా గాలి అందక గ్యాస్ సగం సగం మండటమే అక్కడ అసలు కారణం.

లీక్ కాకపోతే ప్రమాదం ఎక్కడి నుంచి వస్తుంది?

ఎల్పీజీకి సహజంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని అందులో ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటు వాసన పదార్థం కలుపుతారు. మనం 'గ్యాస్ వాసన' అనేది దాన్నే.

గ్యాస్ మండినప్పుడు ఆ పదార్థం కూడా మండిపోతుంది. అంటే గీజర్ వెలుగుతున్నప్పుడు వెలువడే పొగలో ఆ హెచ్చరిక వాసన ఉండదు.

గాలి బాగా అందితే ఎల్పీజీ నీలి మంటతో పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి మిగులుతాయి. ఆక్సిజన్ తగ్గితే మాత్రం కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు.

ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో ఊపిరి ఆడుతున్నా మెదడుకు, గుండెకు ఆక్సిజన్ చేరదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఒక ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములుంటే 15 నిమిషాలకు మించి ఉండకూడదు. గంటసేపు ఉండాలంటే 35 మిల్లీగ్రాములు మించకూడదు.

గీజర్‌కు ఎంత గాలి కావాలి?

ఒక చిన్న లెక్క చూద్దాం.

నిమిషానికి 6 లీటర్ల వేడినీళ్లిచ్చే గీజర్ పూర్తి మంటపై గంటకు సుమారు ఒక కిలో ఎల్పీజీ కాలుస్తుంది. ఒక కిలో ఎల్పీజీ పూర్తిగా మండటానికి దాదాపు 12 నుంచి 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. అంటే 10 నిమిషాల స్నానానికి సుమారు 2 ఘనపు మీటర్లు.

ఇప్పుడు బాత్రూమ్ సంగతి. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న గదిలో ఉండే మొత్తం గాలి సుమారు 8 ఘనపు మీటర్లు.

బయటి నుంచి గాలి అసలు రాకపోతే 10 నిమిషాల్లోనే గదిలోని ఆక్సిజన్‌లో నాలుగో వంతు ఖర్చయిపోతుంది. 21 శాతం ఉండాల్సింది 16 శాతం దరిదాపుల్లోకి వస్తుంది. అంతకన్నా ముందే మంట తీరు మారి కార్బన్ మోనాక్సైడ్ పెరగడం మొదలవుతుంది.

నిజానికి తలుపు సందుల్లోంచి కొంత గాలి వస్తూనే ఉంటుంది. కానీ ఆ కాస్త గాలి మనిషికీ, మంటకూ రెండింటికీ చాలదు.

చాలా గీజర్లు 20 నిమిషాల తర్వాత వాటంతటవే ఆగిపోతాయి. దాన్ని నమ్ముకుని ధైర్యంగా ఉండలేం. పై లెక్క ప్రకారం మూసి ఉన్న చిన్న గదిలో ముప్పు అంతకన్నా ముందే మొదలవుతుంది. పైగా కుళాయి కట్టేసి మళ్లీ తిప్పితే చాలా గీజర్లలో టైమర్ మళ్లీ మొదటికొస్తుంది.

మీ ఇంట్లో ఉన్నది ఏ రకం?

గ్యాస్ గీజర్లు ప్రధానంగా మూడు రకాలు.

పొగగొట్టం లేనివి: గదిలోని గాలినే తీసుకుని, పొగను గదిలోకే వదులుతాయి. మన మార్కెట్‌లో తక్కువ ధరకు దొరికే చిన్న గీజర్లలో ఎక్కువ ఇవే. బాత్రూమ్ లోపల ఎక్కువ ప్రమాదం వీటితోనే.

పొగగొట్టం ఉన్నవి: గాలి గది నుంచే తీసుకుంటాయి. పొగ మాత్రం గొట్టం ద్వారా బయటికి పోతుంది. వీటికీ గదిలోకి గాలి వచ్చే దారి తప్పనిసరి.

పూర్తిగా మూసి ఉన్నవి: గాలి తీసుకోవడం, పొగ వదలడం రెండూ గొట్టాల ద్వారా బయటితోనే జరుగుతాయి. గదిలోని గాలితో సంబంధం ఉండదు. ఖరీదు ఎక్కువ, భద్రత కూడా ఎక్కువే.

బ్రిటన్‌లో 1998 నాటి గ్యాస్ భద్రతా నిబంధనల ప్రకారం బాత్రూమ్‌లో బిగించాలంటే ఈ మూడో రకం పరికరమే అయి ఉండాలి. మొదటి రెండు రకాలకు అక్కడ అనుమతి లేదు.

గీజర్ ఎక్కడ బిగించాలి?

సూటిగా చెప్పాలంటే, బాత్రూమ్ బయట.

బాల్కనీ, వంటింటి వెనకాల వాష్ ఏరియా, బాత్రూమ్ బయటి గోడ వంటి గాలి బాగా ఆడే చోట గీజర్ పెట్టి, వేడినీళ్ల పైపును మాత్రమే లోపలికి తీసుకురావాలి. పైపు నాలుగడుగులు పెరిగితే నీళ్లు వేడిగా రావడానికి కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది, అంతే.

బయట పెట్టేటప్పుడు కూడా కొన్ని జాగ్రత్తలు అవసరం:

- బాల్కనీకి అద్దాల తలుపులు బిగించి మూసేస్తే అది కూడా గది కిందే లెక్క. గీజర్ వాడేటప్పుడు కిటికీలు తెరిచే ఉండాలి.
- పడకగది కిటికీ, ఏసీ ఉన్న గోడ పక్కనే పొగ వదిలేలా పెట్టొద్దు.
- అపార్ట్‌మెంట్ డక్ట్ పైన మూసి ఉంటే అందులోకి పొగ వదలొద్దు. అది పై అంతస్తు వాళ్ల బాత్రూమ్‌లోకి వెళ్తుంది.
- వాన జల్లు, ఎదురుగాలి మంటకు తగలకుండా చూడాలి.
- సిలిండర్ నిలువుగా, గాలి తగిలే చోట ఉండాలి. బాత్రూమ్‌లో అసలు పెట్టకూడదు. ఎల్పీజీ గాలి కన్నా బరువైనది కాబట్టి లీకైతే నేలమీదే పేరుకుంటుంది.

ఇప్పటికే బాత్రూమ్‌లో ఉంటే ఏం చేయాలి?

పొగగొట్టం లేని గీజర్ అయితే బయటికి మార్చడమే సరైన పరిష్కారం. మార్చేలోగా ముప్పు తగ్గించుకోవడానికి ఇవి చూడండి.

గాలికి రెండు దారులు ఉండాలి. పైకప్పుకు దగ్గరగా ఒకటి, తలుపు కింది భాగంలో లేదా గోడ అడుగున మరొకటి. వేడి పొగ పైనుంచి పోతుంటే కింది నుంచి తాజా గాలి వస్తుంది. ఒక్క వెంటిలేటరే ఉంటే ఈ ప్రవాహం సరిగా సాగదు.

ఆ రెండు దారులూ మూయడానికి వీల్లేనివై ఉండాలి. తెరిచి మూసే అద్దాల షట్టర్‌ను లెక్కలోకి తీసుకోకండి. చలి పెరిగిన రోజు ఎవరో ఒకరు దాన్ని మూసేస్తారు. దోమల కోసం బిగించిన జాలీ దుమ్ముతో పూడుకుపోయినా మూసినట్టే.

పైనున్న దారి నేరుగా ఆరుబయటికి ఉండాలి. ఎంత సైజు ఉండాలన్నది గీజర్ సామర్థ్యాన్ని బట్టి మారుతుంది. కంపెనీ మాన్యువల్‌లో ఆ కొలత చూసి, బిగించడానికి వచ్చిన టెక్నీషియన్‌తో టేపు పెట్టి కొలిపించండి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే సరిపోతుందా?

దానొక్కదానితో సరిపోదు. ఫ్యాన్ గాలిని బయటికి లాగుతుంది. లోపలికి వచ్చే దారి లేకపోతే అది తిరుగుతున్నా గాలి మారదు.

మరో చిక్కు కరెంటుది. చాలా గ్యాస్ గీజర్లు చిన్న బ్యాటరీలతో వెలుగుతాయి. కరెంటు పోతే ఫ్యాన్ ఆగిపోతుంది, గీజర్ మాత్రం మండుతూనే ఉంటుంది.

సాధారణ పొగగొట్టం ఉన్న గీజర్‌తో అయితే ఫ్యాన్ వల్ల కొత్త సమస్య రావచ్చు. గదిలోకి గాలి చాలకపోతే బయటికి పోవాల్సిన పొగను ఫ్యాన్ గొట్టంలోంచి వెనక్కి, గదిలోకి లాగేస్తుంది. ఈ రెండూ ఒకే గదిలో ఉంటే టెక్నీషియన్‌తో తప్పనిసరిగా పరీక్ష చేయించాలి.

అద్దె ఇంట్లో ఉంటే?

గోడకు రంధ్రం చేయాలంటే ఓనర్ ఒప్పుకోవాలి. ఆలోగా మీ చేతిలో ఉన్న పద్ధతి ఒకటుంది.

తలుపు, వెంటిలేటర్ తెరిచి ఉంచి గీజర్‌తో బకెట్లు నింపుకోండి. గీజర్ కట్టేయండి. కొన్ని నిమిషాలు తలుపు అలాగే తెరిచి ఉంచి, ఆ తర్వాతే లోపలికి వెళ్లి గడియ పెట్టుకోండి. స్నానం చేస్తున్నంతసేపూ గీజర్ ఆపే ఉండాలి. షవర్ వదులుకోవాలి, అంతే.

తర్వాతి వారు వెళ్లే ముందు మళ్లీ తలుపు తెరిచి గాలి ఆడనివ్వండి. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, గుండె జబ్బు ఉన్నవారికి ఈ వాయువు త్వరగా హాని చేస్తుంది. వారి విషయంలో ఈ పద్ధతిని అసలు తప్పొద్దు.

ఈ గుర్తులు కనిపిస్తే గీజర్ ఆపేయండి

- మంట నీలంగా కాకుండా పసుపు, నారింజ రంగులో ఉండటం
- గీజర్ పైన, గోడ మీద మసి
- స్నానం చేసేటప్పుడు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, కాళ్లలో నీరసం
- బయటికి రాగానే తగ్గిపోవడం, మర్నాడు స్నానానికి వెళ్తే మళ్లీ రావడం

ఈ లక్షణాలను పైత్యమనో, బీపీ అనో అనుకుని వదిలేస్తుంటారు. బాత్రూమ్‌లో మూర్ఛ వచ్చి పడిపోయినవారికి మొదట ఫిట్స్ జబ్బు అనుకుని వైద్యం చేసి, తర్వాత గీజరే కారణమని గుర్తించిన కేసులను మన దేశ నరాల వైద్యులు నమోదు చేశారు. దీన్ని 'గ్యాస్ గీజర్ సిండ్రోమ్' అంటున్నారు.

ఎవరైనా లోపల పడిపోతే?

1. పిలిస్తే పలకకపోతే ఆలస్యం చేయకుండా తలుపు తెరవండి, లేదా పగలగొట్టండి.
2. గీజర్, సిలిండర్ ఆపి కిటికీలన్నీ తెరవండి. గ్యాస్ వాసన వస్తుంటే లైటు, ఫ్యాన్ స్విచ్‌లు ముట్టుకోవద్దు.
3. మనిషిని వెంటనే ఆరుబయటికి తీసుకురండి. మీరు కూడా ఆ గదిలో నిలబడొద్దు.
4. 108కి ఫోన్ చేయండి. ఊపిరి లేకపోతే, తెలిసినవారు సీపీఆర్ మొదలుపెట్టాలి.
5. ఆసుపత్రిలో 'గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూమ్‌లో పడిపోయారు' అని ముందే చెప్పండి.

ఈ చివరి మాట చాలా ముఖ్యం. వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్ కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చూపిస్తుంది. మనిషి స్పృహలో లేకపోయినా అందులో 98 కనిపించవచ్చు. అసలు సంగతి కార్బాక్సీ హిమోగ్లోబిన్ రక్త పరీక్షలో తెలుస్తుంది.

మామూలు గాలిలో ఈ వాయువు రక్తంలో సగానికి తగ్గడానికి 4 నుంచి 5 గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే సుమారు గంట, గంటన్నరలో సగం తగ్గుతుంది. కోలుకున్నాక కూడా కొందరిలో కొన్ని రోజులకు, వారాలకు మతిమరుపు, నడకలో తేడా రావచ్చు. కాబట్టి డాక్టర్ రమ్మన్నప్పుడు మళ్లీ చూపించుకోవాలి.

కొనేముందు, బిగించేముందు

- ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 15558 నంబరు ఉన్నాయో లేదో చూడండి.
- ఆక్సిజన్ తగ్గితే ఆగిపోయే సెన్సర్, మంట ఆరితే గ్యాస్ ఆపే ఏర్పాటు ఉన్నది ఎంచుకోండి. ఇవి ఉన్నా వెంటిలేషన్ తప్పదు.
- బిగించే పని కంపెనీ టెక్నీషియన్‌కే అప్పగించండి.
- ఎల్పీజీ గీజర్‌ను ఇంటికొచ్చే పైపు గ్యాస్‌కు నేరుగా కలపొద్దు. జెట్లు మార్చకుండా కలిపితే మంట సరిగా ఉండదు.
- ఏటా చలికాలానికి ముందు బర్నర్ శుభ్రం చేయించండి. సురక్షా గొట్టాన్ని అయిదేళ్లకోసారి మార్చండి.
- కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కంపెనీ చెప్పిన చోట, ఆవిరి తగలకుండా పెట్టండి. గాలి దారికి అది ప్రత్యామ్నాయం కాదు.

ఎల్పీజీ లీకైతే 24 గంటలూ పనిచేసే 1906 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అంబులెన్స్‌కు 108, ఏ అత్యవసరానికైనా 112.

ఇవాళ స్నానానికి వెళ్లే ముందు ఒక్కసారి తలెత్తి వెంటిలేటర్ చూడండి. అక్కడ అట్టముక్క, ప్లాస్టిక్ కవరు, పాత గుడ్డ ఏది ఉన్నా ముందు తీసేయండి. గీజర్ ఆ తర్వాతే వెలిగించండి.