లభ్య పొటాష్: భూసార పరీక్ష అంకెను ఎలా చదవాలి?

చాలా నేలల్లో పొటాషియం మొత్తంగా చూస్తే ఎకరాకు టన్నుల్లో ఉంటుంది. అందులో ఎక్కువ భాగం అభ్రకం, ఫెల్డ్‌స్పార్ వంటి ఖనిజాల్లో బిగుసుకొని ఉండి ఈ ఏడాది పైరుకు అందదు. నేల తేమలో కరిగి ఉన్నదీ, బంకమట్టి రేణువులకు పైపైన అంటుకొని ఉన్నదీ మాత్రమే వేర్లు వెంటనే తీసుకోగలవు. ఈ రెండూ కలిపి సాధారణంగా మొత్తంలో 1-2 శాతమే. దీన్నే లభ్య పొటాష్ అంటాం.

ప్రయోగశాలలో నీడన ఆరబెట్టి జల్లెడ పట్టిన 5 గ్రాముల మట్టికి 25 మి.లీ. అమ్మోనియం అసిటేట్ ద్రావణం కలిపి, 5 నిమిషాలు కుదిపి వడకడతారు. అమ్మోనియం, పొటాషియం అయాన్లు పరిమాణంలో దాదాపు ఒకటే కాబట్టి అమ్మోనియం మట్టి రేణువుపై చోటు ఆక్రమించి పొటాషియాన్ని ద్రావణంలోకి నెడుతుంది. ఆ ద్రావణాన్ని ఫ్లేమ్ ఫోటోమీటరు మంటలోకి పంపి, వెలువడే కాంతిని బట్టి పొటాషియం ఎంతుందో లెక్కిస్తారు. ద్రావణంలో 20 పీపీఎం వచ్చిందనుకుందాం. మట్టికి 5 రెట్లు ద్రావణం వాడారు కనుక మట్టిలో 100 పీపీఎం. దాన్ని 2.24తో గుణిస్తే హెక్టారుకు 224 కిలోల పొటాషియం.

రైతులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కొన్ని కార్డుల్లో అంకె పొటాషియం (కె) రూపంలో ఉంటుంది, కొన్నింటిలో పొటాష్ (కె2ఓ) రూపంలో. మొదటిదాన్ని 1.2తో గుణిస్తే రెండోది వస్తుంది. మన దగ్గర హెక్టారుకు 145 కిలోల కంటే తక్కువ పొటాష్ ఉంటే తక్కువ, 145-340 అయితే మధ్యస్థం, 340 దాటితే ఎక్కువ అని లెక్క. కార్డులో 130 అని ఉంటే, అది పొటాష్ అయితే నేల ‘తక్కువ’ కిందికి వస్తుంది. పొటాషియం అయితే 156 కిలోల పొటాష్‌తో సమానం, అంటే మధ్యస్థం. తక్కువ ఉన్న నేలకు సిఫారసు కంటే 30 శాతం ఎక్కువ వేస్తాం. సిఫారసు ఎకరాకు 16 కిలోల పొటాష్ అనుకుంటే, అంకెను తప్పుగా చదివినందుకు ఎకరాకు 8 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అదనంగా కొన్నట్టే. కార్డు మీద రూపం రాసి లేకపోతే ప్రయోగశాల వారిని అడగండి.

మట్టి తీయడంలో తేడా వస్తే పరికరం ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు. బూడిదలో పొటాష్ ఉంటుంది కనుక బూడిద పోసిన చోట, గడ్డి తగలబెట్టిన చోట, పెంట కుప్పల దగ్గర, గట్ల పక్కన నమూనా వద్దు. పొలంలో 8-10 చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెం.మీ. లోతు గుంట తీసి, అంచు నుంచి పలుచగా మట్టి గీకి కలపాలి. అర కిలో చాలు. ఎరువుల సంచిలో మాత్రం వేయకండి. నమూనాను ఎండలోనో పొయ్యి దగ్గరో ఆరబెట్టినా అంకె మారవచ్చు.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. బంకమట్టి పొరల మధ్య ఇరుక్కొని, పంట కాలంలో నెమ్మదిగా విడుదలయ్యే నిల్వను ఇది చూపదు. దానికి మరుగుతున్న నైట్రిక్ ఆమ్లంతో వేరే పరీక్ష ఉంది కానీ రైతులకు మామూలుగా చేయరు. ఇసుక పాలు ఎక్కువున్న చల్కా, దుబ్బ నేలల్లో ఈ నిల్వ తక్కువ. అక్కడ కార్డు మధ్యస్థం అన్నా ధీమా పడకూడదు. వరి తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గడ్డిలోనే ఉంటుంది కాబట్టి, ఏటా గడ్డి మొత్తం పొలం దాటించేవారు రెండేళ్లకోసారైనా పరీక్ష చేయించుకోవాలి.